శ్రీమతి కన్నాంబ : సభలో నిలిచిన కంఠము

సోదరీమణులారా! ఈ శీర్షికయందు మన మింతవరకు కవయిత్రులను గూర్చియు, విద్యాదాత్రులను గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ నెల నొక నటీమణిని గూర్చి వ్రాయ సంకల్పించితిమి. నటి యన్న మాట కంటబడినంతనే పత్రికను మడిచి పెట్టువారు నేటికిని మనలో గొందఱు లేకపోలేదు. అట్టివారిని మే మొక్కటి యడుగుదుము. చంద్రమతి కాశీవీథిలో నమ్ముడుపోవుట చూచి మన మామ్మలు కొంగుతో గన్నులద్దుకొనిరి గదా! ఆ కన్నీరు పెట్టించిన స్త్రీ యెవరు? ఆమె యెంత సాధన చేసినది? ఏ యే యూళ్లు దిరిగినది? పాత్రకు నమస్కరించి, పాత్రధారిణిని జూచి మొగము ద్రిప్పుకొనుట న్యాయమా?

మన పూర్వుల కట్టి సంకుచితబుద్ధి లేదు. సంస్కృతనాటకముల ప్రస్తావనలలో సూత్రధారుడు నటిని ‘ఆర్యా’ యని పిలుచును. శాకుంతలారంభమున నటి గ్రీష్మర్తువును గూర్చి పాడగా, సభయంతయు జిత్రమునందు వ్రాసినట్లు నిశ్చలముగా గూర్చుండెనని కాళిదాసు చెప్పినాడు. నాటకమునకు మొదటి గౌరవము నటి కంఠమునకే దక్కినదన్న మాట. నడుమ వచ్చిన కాలదోషముచేత నా గౌరవము చెడినది. దానిని మరల నిలువబెట్టినవారిలో శ్రీమతి పసుపులేటి కన్నాంబ యొకతె.

ఈమె 1911వ సంవత్సరమున కడపలో జన్మించెను. బాల్యము ఏలూరులో మాతామహుల యొద్ద గడచినది. ఆ దినములలో ఆంధ్రదేశమున నాటకము మిక్కిలి వైభవముతో నుండెను. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి ‘సత్యహరిశ్చంద్రీయము’ ఆడని యూరు లేదు. అందలి పద్యములు పాడని పశులకాపరి లేడు. అయినను స్త్రీ పాత్రములను బెక్కు సమాజములలో బురుషులే ధరించుచుండిరి. స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చిత్రాంగిగా వేషము గట్టినప్పుడు స్త్రీలే యాశ్చర్యపడి చూచుచుండిరి. ఆయన విద్యను మేము తక్కువ చేయము. 1956లో భారతప్రభుత్వము వారు పద్మశ్రీ బిరుదముతో నాయనను గౌరవించిరి. కాని యందఱును స్థానమువారు గారు గదా. స్త్రీ దుఃఖమును స్త్రీయే చెప్పవలసిన తావులు కొన్ని కలవు. సురభివారి కుటుంబములందు మాత్రము మొదటినుండియు స్త్రీలు రంగమెక్కుచునే యుండిరి. తక్కిన సమాజములకు స్త్రీ దొరకుట దుర్లభము. దొరకిన స్త్రీకి లోకనింద సులభము.

కన్నాంబ రంగప్రవేశమును గూర్చి యొక వృత్తాంతమును జెప్పుకొందురు. ఏలూరులో హరిశ్చంద్ర నాటకము జరుగుచుండగా, చంద్రమతి వేషము ధరించిన పురుషుడు కుమారుని శవమును గాంచి విలపింపవలసిన ఘట్టమున దుఃఖమును రక్తి కట్టింపలేకపోయెనట. ప్రేక్షకులు గోల చేసిరి. అప్పుడు బాల్యము వీడీ వీడని కన్నాంబ ముందునకు వచ్చి యా విలాపమును తాను పాడెననియు, సభ నిశ్శబ్ద మాయెననియు వాడుక. ఇందలి వివరము లెట్లున్నను, తరువాతి చరిత్ర దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. ఆ చంద్రమతియే యామెకు నాటకరంగమున బేరు దెచ్చినది. ఆ చంద్రమతియే యామెను వెండితెరకును దీసికొనిపోయినది.

నాటకసమాజమనగా నేమో నేటి యువతులకు దెలియకపోవచ్చును. పగలు బండ్లమీదనో రైలులోనో ప్రయాణము, సాయంకాలము పందిరి, రాత్రి నాటకము, తెల్లవారు నప్పటికి మూటలు గట్టుట. నేటివలె ధ్వనివర్ధకయంత్రములు లేవు. పందిటి చివర నేలమీద గూర్చున్న ముసలమ్మకు సైతము ప్రత్యక్షరము వినబడవలెను. వినబడినంత మాత్రమున జాలదు, అఱచినట్లుండరాదు. బిడ్డను గోల్పోయిన తల్లి గొంతు బిగ్గఱగా నుండియు లోలోపల గుములుచున్నట్లు దోపవలెను. ఈ కష్టసాధ్యమైన విద్యను కన్నాంబ రాత్రింబవళ్లు నేర్చినది. ఆమె వివాహమాడిన కడారు నాగభూషణముగారును నాటకకళయం దభినివేశము గలవారే. దంపతులిరువురును రాజరాజేశ్వరీ నాట్యమండలి పేర నాటకములాడించిరి. సంసారమును, సమాజమును వారికి వేఱుగా లేవు.

1932లో ‘భక్తప్రహ్లాద’తో దెలుగున మాటలాడు చిత్రములు మొదలైనవి. అందు లీలావతిగా నటించిన సురభి కమలాబాయి మన తొలి తెర నాయిక. మూడేండ్ల తరువాత, 1935లో, పి. పుల్లయ్యగారు ‘హరిశ్చంద్ర’ చిత్రమును దీసిరి. అద్దంకి శ్రీరామమూర్తిగారు హరిశ్చంద్రుడు, కన్నాంబ చంద్రమతి. ఆనాటి తెలుగు చిత్రములు పెక్కు బొంబాయి, కలకత్తా, కొల్హాపూరు మొదలగు దూరదేశముల స్టూడియోలలోనే తయారగుచుండెను. నటీనటులు తమ పాటలు దామే పాడుకొనవలెను. మాటయు బాటయు బొమ్మ దీయుచున్నప్పుడే ముద్రింపబడుచుండెను. పందిటి చివరకు బంపుటకు నేర్చిన గొంతును మూరెడు దూరముననున్న యంత్రమునకు దగినట్లు తగ్గించుకొనవలెను. రంగస్థలమున బ్రసిద్ధులైనవారు పలువు రిచ్చట దడబడిరి. కన్నాంబ తడబడలేదు. గొంతు తగ్గించినను మాటలోని బిగువు తగ్గింపలేదు.

మఱుసటి యేట, 1936లో, ఒక చిత్రమైన పోటీ సంభవించెను. ద్రౌపదీపరాభవమునే కథగా గైకొని రెండు సంస్థలు రెండు చిత్రములను విడుదల చేసినవి. ‘ద్రౌపదీ మానసంరక్షణము’న బళ్లారి రాఘవాచార్యులుగారు దుర్యోధనుడు, కమలాబాయి ద్రౌపది. ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’న యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు, సి.యస్.ఆర్. ఆంజనేయులుగారు శ్రీకృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. రాఘవగారంతటి మహానటు డెదుటి పక్షమున నున్నను, ప్రజలు రెండవదానినే యెక్కువగా నాదరించిరి.

ఇచ్చట భారతము చదువుకొన్న సోదరీమణులకు మే మొకటి జ్ఞప్తి చేయుదుము. ద్రౌపది సభలో నేడ్చినది, నిజమే. కాని యేడ్చుటకు ముం దొక ప్రశ్న వేసినది. ధర్మరాజు తన్ను దానోడి పిమ్మట నన్నొడ్డెనా? ముందే నన్నొడ్డెనా? తన్నోడినవానికి నన్నొడ్డు నధికార మెక్కడిది? భీష్ముడంతటివాడు బదులు చెప్పలేక ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. సభాపర్వమునకు బ్రాణ మా ప్రశ్నయే. కన్నాంబ నటనలో మేము గ్రహించిన రహస్యమును నిదియే. లోకమామెను దుఃఖపాత్రలకు బెట్టినది పేరన్నది. మే మట్లనము. ఆమె దుఃఖములో నెప్పుడును నొక నిలదీయుట కలదు. వట్టి కన్నీరు కొంతసేపటికి విసుగు పుట్టించును. న్యాయ మడుగుచు గార్చిన కన్నీరు సభను దలవంచుకొనునట్లు చేయును.

1938లో రోహిణీవారి ‘గృహలక్ష్మి’ వచ్చినది. హెచ్.యం. రెడ్డిగారు దర్శకులు. చిత్తూరు నాగయ్యగారు మొదటిసారి తెరమీద గనబడిన దీ చిత్రముననే. భర్త వైద్యుడు, ఒక నర్తకి మోహములో బడి యిల్లు గుల్ల చేసికొనును. ఆ నర్తకి కాంచనమాల. ఇల్లాలు రాధ కన్నాంబ. అంతవరకు బురాణస్త్రీగా నున్న యామె యిందులో మనవలె జీర గట్టి, మన యిండ్లవంటి యింటిలో దిరిగినది. సహింపరాని కష్టముచేత మతి చలించి, దైవమును ధర్మమును నిలదీయుచు వీథిలో బరుగెత్తిన ఘట్టమును జూచినవారు వృద్ధాప్యమునను మఱవలేదు. మా మాతామహి యీ చిత్రమును దన కొత్తకాపురపు దినములలో జూచినదట. ఆ దృశ్యమును మాకు జెప్పునప్పుడెల్ల నామె గొంతు తగ్గించుకొనెడిది, ఎవరో యెఱిగినయింటి గుట్టు చెప్పుచున్నట్లు.

ఆ కాలమున ‘కన్నాంబ లోలాకులు, కాంచనమాల గాజులు’ అని యొక నానుడి పుట్టెను. అంగళ్లలో లోలాకు లా పేరనే యమ్ముడుపోయెనందురు. ఇందొక విశేషము కలదు. చెవుల కా లోలాకులు దగిలించుకొన్న యిల్లాండ్రలో నెందఱు, ఆ నటియే తమ యింటి గుమ్మము ముందు నిలిచినచో, పేరంటమునకు రమ్మని బొట్టు పెట్టియుందురు? నగ కావలెను, నటి వలదు! ఈ ద్వైధీభావము మనలో నింకను బూర్తిగా జావలేదు.

కన్నాంబ యేడుపుపాత్రలకే పరిమితురాలని తలచువారు 1940 నాటి ‘చండిక’ను దలచుకొనవలయును. అందామె కత్తి పట్టినది, గుఱ్ఱమెక్కినది. బళ్లారి రాఘవగారి కెదురుగా నిలిచి నటించినది. పిదప నామె తమిళదేశమునకు బోయి 1941లో ‘అశోక్ కుమార్’ చిత్రమున తిష్యరక్షిత పాత్రను ధరించెను. నాగయ్యగా రశోకుడు; త్యాగరాజ భాగవతారుగారు కుణాలుడు. సవతికుమారుని మోహించి, కాదన్నవానిపై బగబట్టు స్త్రీ పాత్ర మది. మన చిత్రాంగికి సోదరి వంటిది. పతివ్రతాపాత్రలచేత బేరొందిన నటి యట్టి వేషమునకు జంకవలసినది. ఆమె జంకలేదు.

మఱుసటి యేట, 1942లో, వచ్చిన ‘కణ్ణగి’ యామెకు దమిళులయందు శాశ్వతస్థానము నిచ్చినది. కణ్ణగి కథ మన చదువరు లెఱుగుదురు. చేయని దొంగతనమునకు భర్తను జంపించిన పాండ్యరాజు సభకు గణ్ణగి తనంత తాను వచ్చును. రాణి యందెలో ముత్యములుండగా, తన యందెను బగులగొట్టి మాణిక్యములు చూపి, రాజు చేసిన తీర్పు తప్పని నిరూపించును. చూచితిరా! ఇచ్చటను సభయే, ఇచ్చటను బ్రశ్నయే. అయితే కన్నాంబకు దమిళము మాతృభాష కాదు. ఆమె యా సంభాషణలను దెలుగులిపిలో వ్రాసికొని, వల్లెవేసి, తమిళులే మెచ్చునట్లు పలికెను. ఇళంగోవన్ గారి యా సంభాషణలు సామాన్యమైనవి కావు, సమాసభూయిష్ఠములు, దీర్ఘములు. అన్యభాషలో వాక్యము నేర్చుట యొక యెత్తు. అందు గోపమును, దుఃఖమును దగిన యక్షరముపై నిలుపుట యొక యెత్తు. పాఠశాలకుబోయి పరభాష నేర్చుట కింక వయస్సు మీఱినదని నిట్టూర్చు సోదరీమణు లీ దృష్టాంతమును మనస్సున నుంచుకొందురు గాక!

తెలుగున నామె ధరించిన పాత్రలలో మాకు మిక్కిలి విలువైనదిగా దోచునది 1947 నాటి ‘పల్నాటి యుద్ధము’ నందలి నాయకురాలు నాగమ్మ. గూడవల్లి రామబ్రహ్మముగా రా చిత్రమును దీయుచు 1946లో మరణింపగా, ఎల్.వి. ప్రసాదుగారు పూర్తి చేసిరి. గోవిందరాజుల సుబ్బారావుగారు బ్రహ్మనాయుడు. అక్కినేని నాగేశ్వరరావుగారు బాలచంద్రుడు. నాగమ్మ గురజాలలో మంత్రిత్వము నెఱపిన స్త్రీ. వీరగాథలు పాడువా రామెను వినాశకారిణిగనే పాడిరి. మగవాడు పన్నినచో రాజనీతి యగునది స్త్రీ పన్నినచో గుట్ర యగుట లోకమున దఱచు. కన్నాంబ యా పాత్రకు లేని మంచితనమును గల్పింపలేదు. ఉన్న తెలివిని మాత్రము దాచలేదు. ఆ చూపు, ఆ తలయెత్తి నిలుచుట, మాటకు ముందొక క్షణ మాగుట చూచినచో, ఈ స్త్రీ మంత్రియే యని నమ్మబుద్ధి యగును.

తెరమీద నిట్లుండగా, తెరవెనుక నామె యొక సంస్థకు భాగస్వామిని. భర్తతో గలిసి నెలకొల్పిన రాజరాజేశ్వరీ సంస్థ 1941లో ‘తల్లిప్రేమ’ను, 1942లో ‘సుమతి’ని దీసెను. తరువాతి సంవత్సరములలో తెలుగునను దమిళమునను బెక్కు చిత్రములు వెలువడెను. 1951లో ‘సౌదామిని’, 1955లో ‘శ్రీకృష్ణతులాభారము’, 1962లో ‘దక్షయజ్ఞము’ ఆ సంస్థవే. ఆ సంస్థలో బనిచేయువారికి నెల మొదటి తేదీననే జీతము ముట్టుచుండెనని ప్రతీతి. చలనచిత్రవ్యాపారమున నది యెంత యరుదో తెలిసినవారికి దెలియును. నెలజీతముపై బ్రతుకు సంసారములు గడుపు మనకును దెలియును! మొదటి తేదీ దాటినచో బాలవానికి, కిరాణావానికి జెప్పుకొను మాటలు మన కనుభవములే గదా. ఇంటి యిల్లాలికిగల జాగరూకత యొక సంస్థను నడుపుటకును జాలునని కన్నాంబ చూపినది.

వయస్సు మీఱినకొలది నటీమణులకు బాత్రలు దగ్గుట లోకరీతి. నాయకులు వృద్ధులయ్యును నాయకులే. నాయికలు మాత్రము తల్లులు కావలసినదే. కన్నాంబ యా మార్పును లోటుగా దలపలేదు. 1954లో ‘మనోహర’ చిత్రమున శివాజీ గణేశన్ గారికి దల్లియైన మహారాణిగా నటించెను. ఇదియు బ్రసాదుగారి దర్శకత్వమే; సంభాషణలు కరుణానిధిగారివి. కుమారుడు పరాక్రమవంతు డయ్యును దల్లి యాజ్ఞకు గట్టుబడి చిరకాలము సహించి యుండును. తుదకు సభలో నాతల్లియే యాజ్ఞను మరలించి కుమారుని విజృంభింపు మనును. మరల సభయే! పదునెనిమిదేండ్ల క్రిందట ద్రౌపదిగా ధర్మ మడిగిన కంఠము, ఇప్పుడు తల్లియై ధర్మమును శాసించినది.

1957 నాటి ‘తోడికోడళ్లు’ను జూడనివారు మనలో నుండరు. శరచ్చంద్రుని ‘నిష్కృతి’ నాధారముగా గొని యాదుర్తి సుబ్బారావుగారు తీసిన యా చిత్రమున ఎస్.వి. రంగారావుగారి భార్యగా, ఇంటికి బెద్దకోడలుగా కన్నాంబ నటించెను. సూర్యకాంతముగారు, సావిత్రిగారు తక్కిన కోడండ్రు. ఉమ్మడికుటుంబమున బెద్దకోడలి స్థాన మెట్టిదో మనకు వేఱుగా జెప్పనక్కఱలేదు. చెప్పుడుమాట విని చిన్నకోడలిపై గినుక వహించి, ఆ కినుకలోను మమకారమును జంపుకొనలేక లోలోపల నలిగిపోవు పెద్దదిక్కు పాత్రమది. ఇచ్చట సభ లేదు, రాజు లేడు, వంటయిల్లే సభ. అయినను నామె మాట గట్టిగా లేచినప్పుడు రంగారావుగారంతటివారు నడ్డుపలుకరు. ‘లవకుశ’ 1963లో విడుదలైనప్పు డామె కౌసల్య. మఱుసటి యేడు, 1964 మే 7వ తేదీన, ఆమె పరమపదించెను. అప్పటి కామె కేబదిమూడేండ్లయినను నిండలేదు.

ఇక నీ చరితమువలన మనకు గలుగవలసిన యుపదేశ మేమి? మన యాడుపిల్లలందఱును నటీమణులు కావలయునని మే మనుట లేదు. ఒక సంగతి మాత్రము మనవి చేయుదుము. మా వారు పనిచేయు పాఠశాలలో వార్షికోత్సవమునకు ద్రౌపదీప్రశ్నను జిన్న నాటకముగా వేయించిరి. పద్యము చక్కగా జదువు నొక బాలిక నెన్నుకొనిరి. పిల్ల తల్లి మా యింటికి వచ్చి, “అమ్మగారూ, పదిమందిలో మా పిల్ల గొంతెత్తి మాటాడుట యేమి? రేపు పెండ్లి కావలసినది” అని బాధపడినది. ఆమె బాధ కపటము కాదు. లోకమునకు వెఱచు తల్లి బాధ యది. మే మామెను దప్పుపట్టము. “ఇంటిలో బిల్ల మీ యెదుట నెన్నడైనను బద్యము చదివినదా?” యని యడిగితిమి. లేదన్నది. ఆ సాయంకాలము పిల్లచేత జదివించితిమి. ధర్మ మడుగు ఘట్టము వచ్చునప్పటికి దల్లి కూర్చున్న పీటమీద నిటారుగా సర్దుకొని, కడవఱకు గదలక విన్నది. లేచి పోవునప్పుడు, “ఇంత గొంతున్నదని నా కెఱుక లేదండీ” అని మాత్ర మన్నది. పిల్ల వేషము వేసినది.

గొంతు లేనిచో బ్రతుకున నష్టమేమని యడుగువారుందురు. అత్తవారింట నన్యాయము జరిగినప్పుడు, ఆస్తిపత్రముపై వ్రేలిముద్ర వేయుమన్నప్పుడు, ఆసుపత్రిలో వైద్యు డడిగిన ప్రశ్నకు దన రోగమును దానే చెప్పుకొనవలసినప్పుడు దెలియు నా నష్టము. పదిమందిలో నిలిచి నాలుగు మాటలు స్పష్టముగా బలుకుట వేషగాండ్రకే పరిమితమైన విద్య కాదు. ద్రౌపదికి గావలసి వచ్చినది. కణ్ణగికి గావలసి వచ్చినది. మన యాడుపిల్లలకు నక్కఱ రాదని యెవరు పూచీపడగలరు?

కావున సోదరీమణులారా! ఈ నెలలో దీఱిక చేసికొని ‘తోడికోడళ్లు’ను మరల నొకసారి చూడుడు. కథ మన మెఱిగినదే గనుక, ఈసారి కథను విడిచి కన్నాంబను జూడుడు. ఆమె యేడ్చుటకు ముందు మాట నెట్లు నిలుపునో, ఏ యక్షరముపై బలము నుంచునో, ఎదుటివారు పలుకునప్పు డెట్లు వినునో గమనింపుడు. గమనించి, మీ యింటి పిల్లను బిలిచి యొక పద్యము చదువుమనుడు. చదువునప్పుడు మెల్లగా, మెల్లగా నని యదలింపకుడు. వీథిగదిలోని వారికి వినబడినచో వినబడనిండు.